వట్టి చేతులతో రా

లిఫ్టు మిషను గది నుంచి,
సోమవారం, భోజనాల వేళ

అక్కా,

ఈ కవరు విప్పగానే ఉత్తరంతో పాటు ఒక కార్డు జారి కింద పడుతుంది. కంగారు పడకు. ముందు దాన్ని తీసి ఎక్కడైనా దాచు, తర్వాత ఇది చదువు. బావ పక్కన ఉంటే ఆయన బయటికి వెళ్ళాక చదువు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే నిన్ను రెండు నిమిషాల్లో నవ్విస్తాను, ఆ నవ్వులో అసలు మాట పక్కకి వెళ్ళిపోతుంది. ఇన్నాళ్ళూ అలాగే నెట్టుకొచ్చాను. కాగితం మీద నవ్వించడం నాకు చేతకాదు, అందుకే రాస్తున్నాను.

నేను అప్పులో ఉన్నాను. ఎవరి దగ్గరా చేబదులు కాదు, ఈ కార్డు మీదే. ఎంత అంటే, అంకె రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ ఇలా చెప్తాను. తిండీ అద్దే మానేసి ఎనిమిది నెలల జీతం తీసుకెళ్ళి పోస్తే, అప్పటికీ కొంచెం మిగులుతుంది. నెలనెలా కనీసం ఇంత కట్టమని వాళ్ళు కాగితం పంపేవాళ్ళు. ఆ కనీసం కట్టేసి, తీరిపోతోందనుకుంటూ వచ్చాను. రెండేళ్ళు కట్టింది వడ్డీకే సరిపోయిందట. పదకొండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాణ్ణి, పైకి వెళ్తున్నానో కిందికి వెళ్తున్నానో నాకైనా తెలియాలి కదా. తెలియలేదు.

పోయిన శుక్రవారం తెలిసింది. పని అయ్యాక ఏడుగురం హోటల్లో తిన్నాం. బిల్లు రాగానే అలవాటు ప్రకారం నేనే లాక్కున్నాను. "జమీందారు ఉండగా మన జేబులు దేనికి" అని మావాళ్ళు నవ్వారు. కౌంటర్లో ఆవిడ కార్డు మూడుసార్లు గీకింది. "ఇది పనిచెయ్యట్లేదండీ, ఇంకోటుందా" అని వెనక వరసలోవాళ్ళకి కూడా వినపడేలా అడిగింది. ఇంకోటి లేదు, ఇదేమో పరిమితి నిండిపోయింది. సూపర్‌వైజరు కుర్చీలోంచి లేచొచ్చి కట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి వాళ్ళ కళ్ళలోకి చూడలేక గోడల వంక చూసి మాట్లాడుతున్నాను.

అందుకని ఒక ఏర్పాటు అనుకున్నాను. కార్డు నీ దగ్గరుంటుంది. నాకేదైనా కొనాలనిపిస్తే, ఏమిటో ఎందుకో నీకు ఉత్తరం రాస్తాను. నువ్వు సరేనంటే కార్డు పంపు, కాదంటే వద్దు. ఉత్తరం నీకు చేరడానికి ఐదు రోజులు, జవాబుకి ఇంకో ఐదు. ఈ పది రోజుల్లో ఆ కోరికే చచ్చిపోతుందని నా ఆశ. జీతం రాగానే సగం బాకీకి కట్టేసి, మిగిలిన దాంతో బతుకుతాను.

ఇంకొక్క మాట. ఇది తీరేదాకా మీ ఇంటికి రాను. వట్టి చేతులతో నీ గుమ్మం ఎక్కలేను. బావ అడిగితే పని ఎక్కువగా ఉందని చెప్పు. కార్డు సంగతి మాత్రం ఆయనకి చెప్పకు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

తమ్ముడు


కుట్టు మిషను ముందు నుంచి,
ఆదివారం

ఒరేయ్ జమీందారూ,

కార్డు కింద పడలేదు, నా ఒళ్ళో పడింది. గుండీల డబ్బా అడుగున పెట్టి మూత బిగించాను. ఇక దాని సంగతి మర్చిపో.

నీ ఉత్తరం మీ బావ స్నానానికి వెళ్ళినప్పుడు చదివాను. రెండోసారి చదువుతుండగా వచ్చి, "ఏమంటున్నాడు మీ వాడు" అన్నారు. "పని ఎక్కువగా ఉందట" అన్నాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయనతో అబద్ధమే ఆడలేదని అనను. నీకోసం ఆడటం మాత్రం ఇదే మొదలు. నాకది బాగాలేదు, నీకు తెలియాలని రాస్తున్నాను.

ఇప్పుడు తిడతాను, ఓపిగ్గా చదువు. మెడ మీద తల ఉన్నవాడెవడైనా రెండేళ్ళు వడ్డీ కడుతూ అసలు ఎంతుందో చూసుకోడా? చొక్కా చెయ్యి అర అంగుళం తేడా వస్తే నేను మొత్తం విప్పి మళ్ళీ కుడతాను. నువ్వు చూస్తూ చూస్తూ పీకల దాకా మునిగావు. పైగా ఏడుగురి భోజనం బిల్లు లాక్కున్నావా? కన్నతండ్రి ఎస్టేటు వదిలివెళ్ళినట్టు.

నీకు తాగుడు లేదు, పేకాట లేదు. నీ గదిలో నేను చూసినవి ఒక మంచం, ఒక కుర్చీ, ఒక బకెట్టు. ఎనిమిది నెలల జీతం ఏమైందిరా? ఏం కొన్నావు? ఆ ఖర్చూ ఈ ఖర్చూ అని రాయకు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉంటుంది. వస్తువుల పేర్లు రాయి.

ఇక గుమ్మం మాట. మా గుమ్మం ఎక్కడానికి నేనెప్పుడు టిక్కెట్టు పెట్టాను? నీ అప్పు తీరడానికి ఏడాదిన్నర పడుతుంది. అన్నాళ్ళు నిన్ను చూడకుండా ఉండటానికి నేను ఒప్పుకున్నానా, నువ్వు అడిగావా? నీ ఏర్పాటులో మిగతావన్నీ బాగున్నాయి. ఇదొక్కటీ కొట్టేస్తున్నాను.

అక్క


లిఫ్టు మిషను గది నుంచి,
బుధవారం, టీ వేళ

అక్కా,

నీ తిట్లు ఐదు రోజులు ప్రయాణం చేసినా వేడి తగ్గలేదు. ఇది నాలుగో ఉత్తరం రాయడం, మూడు చింపేశాను. అందుకే నెల ఆలస్యమైంది.

నీ ప్రశ్నకి జవాబు ఏం రాయను. నలుగురిలో తిరిగేవాణ్ణి, ఎవరింట్లో ఏ కార్యమైనా ముందు నేనే ఉండాలనిపించేది. అలా అయిపోయింది. ఇంతకన్నా అడగకు.

ఏర్పాటు మాత్రం పనిచేస్తోంది. ఈ నెలలో మూడు కోరికలు పుట్టాయి. ఒకటి, మా స్టోర్ గుమాస్తా ఉద్యోగం మానేసి వెళ్ళిపోతున్నాడు, అతనికి మంచి తోలు సంచి ఇవ్వాలనిపించింది. రెండు, మంచి గొడుగు. మూడు, బూట్లు, కుడికాలిది అడుగు ఊడి నాలుక చాచుకుని నడుస్తోంది. రాద్దామని కూర్చునేసరికి మొదటి రెండూ వాటంతటవే చచ్చాయి. వాటికి ఎందుకు అని కాగితం మీద రాయబోతే కలం కదల్లేదు. బూట్ల సంగతి నువ్వే తేల్చు.

గుమాస్తా వీడ్కోలు రోజున నేను సెలవు పెట్టాను. ఒంట్లో బాగాలేదన్నాను. చందా డబ్బా నా దగ్గరికి వస్తే ఏమనాలో తెలియక అలా చేశాను. ఆరేళ్ళు అతనితో కలిసి పనిచేశాను. గదిలో గోడకానుకుని కూర్చుని, ఈపాటికి దండ వేసుంటారు, ఈపాటికి ఫొటో తీసుంటారు అనుకున్నాను. సిగ్గుగా ఉంది.

టీ వేళ ఇంకా చిత్రం. ఇక్కడ వంతులవారీగా ఒకరోజు ఒకరు టీ డబ్బులిస్తారు. నేనున్నంత కాలం ప్రతి రోజూ నా వంతే. ఇప్పుడు నా వంతు వచ్చినా రాకపోయినా, టీ వేళకి బ్రేకు సరిచెయ్యాలని పైకి వచ్చేస్తున్నాను. ఈ భవనం లిఫ్టు బ్రేకంత బాగా ప్రస్తుతం ఇంకెక్కడా పనిచెయ్యడం లేదు.

మొదటి జీతంలో సగం కట్టేశాను. బ్యాంకు నుంచి గదికి నడిచే వచ్చాను. బాకీలో పెద్ద మార్పేం కనపడలేదు, అయినా ఆ పూట అన్నం సహించింది.

తమ్ముడు


కుట్టు మిషను ముందు నుంచి,
శనివారం

ఒరేయ్,

బూట్లు కొనకు. అడుగు కుట్టించు, పై తోలు బాగానే ఉందని పోయినసారి నేనే చూశాను. చెప్పులు కుట్టేవాడికి నీ జీతంలోంచి ఇవ్వు, కార్డుతో పనిలేదు.

గుమాస్తా సంగతి చదివి కోపం రాలేదు, బాధేసింది. సంచి ఇవ్వకపోతే ఇవ్వకపోయావు, మనిషివి వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పి రావలసింది. అతనికి నువ్వు రాలేదని ఉంటుంది గానీ సంచి రాలేదని ఉండదు. నీ అప్పు గురించి సిగ్గుపడు, పడాలి కూడా. కానీ ఆ సిగ్గుతో ఇంకో నలుగురికి దూరమవడం ఏం తెలివి?

ఏం కొన్నావని అడిగితే మళ్ళీ దాటేశావు. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నావంటే అందులో ఏదో ఉంది. ఉండనీ, నేనూ తొందరపడను.

ఇక్కడ విశేషాలేం లేవు. బడి యూనిఫారాల పని వచ్చింది, నూట అరవై చొక్కాలు. సూది బెజ్జం ఈమధ్య నన్ను చూసి దాక్కుంటోంది. దారం ఎక్కించమని మీ బావని పిలిస్తే, ఆయన కళ్ళజోడు వెతుక్కోవడానికి పావుగంట, బెజ్జం వెతకడానికి పావుగంట. మిషను ఆగిపోతోంది, మా ఇద్దరి మాటలు మాత్రం ఆగడం లేదు.

నువ్వొచ్చి ఏడు నెలలైంది. "మీవాడికి లిఫ్టులు అంత పాడైపోతున్నాయా" అని మీ బావ రెండుసార్లు అడిగారు. రావడానికి బస్సు టిక్కెట్టు చాలు. అది నీ దగ్గర ఉందని నాకు తెలుసు.

అక్క


లిఫ్టు మిషను గది నుంచి,
గురువారం

అక్కా,

ఈసారి ఒక మంచి కబురు. మా కంపెనీలో పదేళ్ళు దాటినవాళ్ళకి బహుమతులు ఇచ్చారు. నాకు బల్లకి బిగించుకునే దీపం వచ్చింది, దానికి పెద్ద భూతద్దం కూడా ఉంటుందట. నా గదిలో దాంతో ఏం చేసుకుంటాను, నీకే నేరుగా పంపమని చెప్పాను. సూది బెజ్జం ఇక ఎక్కడా దాక్కోలేదు. బావకి కూడా పావుగంట మిగులుతుంది.

బూటు కుట్టించాను, కొత్తదానిలా ఉంది. మూడో జీతంలో సగం కూడా కట్టేశాను. అన్నీ సవ్యంగా జరుగుతున్నాయి. నా గురించి బెంగపడకు.

రావడానికి ఇప్పుడు వీలు కాదు. ఊరి చివర కొత్త భవనంలో ఆరు లిఫ్టులు బిగిస్తున్నాం, ఆదివారాలు కూడా పని. నువ్వు ఏమీ అనుకోకు, బావకి నా నమస్కారాలు చెప్పు. దీపం అందగానే ఎలా ఉందో రాయి, ఆలస్యం చెయ్యకు. నూట అరవై చొక్కాలూ దాని వెలుతుర్లోనే పూర్తి కావాలి.

తమ్ముడు


కుట్టు మిషను ముందు నుంచి,
మంగళవారం

తమ్ముడూ,

దీపం అందింది. వెలుతురు బాగుంది.

పెట్టెలో అట్టల మధ్య కొట్టువాళ్ళ బిల్లు కూడా ఉంది. దాని మీద కంపెనీ పేరు లేదు, నీ పేరుంది. కింద, ఏ కార్డు మీద కొన్నారో దాని చివరి నాలుగు అంకెలు అచ్చువేశారు. ఆ నాలుగు అంకెలు నాకు తెలుసు.

కార్డు నా దగ్గర ఉండగా ఇది ఎలా జరిగిందో రాయి. పదేళ్ళ బహుమతి కథ ఎందుకు అల్లావో కూడా రాయి. దీపం మళ్ళీ పెట్టెలో పెట్టేశాను.

అక్క


నా గది నుంచి,
ఆదివారం

అక్కా,

ఇవాళ పని లేదు. ఊరి చివర కొత్త భవనమూ లేదు, ఆదివారాల పనీ లేదు. అది కూడా అబద్ధమే. మొదలుపెట్టాను కాబట్టి అన్నీ చెప్పేస్తాను.

కార్డు మీదున్న పదహారు అంకెలూ, వెనకున్న మూడూ నాకు కంఠతా వచ్చు. మోటార్ల నంబర్లు చూసి చూసి అలవాటైపోయింది, ఒకసారి చూస్తే మర్చిపోను. కొట్టువాడికి కార్డు అక్కర్లేదు, అంకెలూ, నా ఫోన్‌కి వచ్చే ఓటీపీ చెప్తే చాలు. నీకు కార్డు పంపిన రోజే నాకిది తెలుసు. పంపేటప్పుడు, మొత్తం అప్పగించేశానని నిన్ను నమ్మించాను, సగం నన్ను నేనూ నమ్మించుకున్నాను. ముందు తలుపుకి తాళం వేసి తాళంచెవి నీకిచ్చాను. పెరటి తలుపు మాత్రం తెరిచే ఉంచుకున్నాను.

మూడు నెలలు ఆ తలుపు వైపు వెళ్ళలేదు. ఇది మాత్రం నిజం, నమ్మితే నమ్ము. గుమాస్తాకి సంచి కొనలేదు. టీకి కిందికి దిగలేదు. నీ ఉత్తరంలో సూది బెజ్జం మాట చదివాక మాత్రం ఆగలేకపోయాను. బాకీ కట్టిన మేరకి కార్డులో మళ్ళీ చోటు వచ్చి ఉంది. అంకెలు చెప్పి ఫోన్ పెట్టేశాక ఎంత హాయిగా ఉందో. అన్ని నెలల తర్వాత నేను మళ్ళీ నేనైనట్టనిపించింది. నన్ను భయపెట్టింది అదే అక్కా. అప్పు పెరిగినందుకు కాదు, ఆ హాయికి భయపడ్డాను.

బహుమతి అని ఎందుకన్నానంటే, కొన్నానంటే నువ్వు తీసుకోవు. అంతే. అక్కనే మోసం చేసి అక్కకే కానుక పంపినవాణ్ణి ఏమనాలో నాకు తెలియడం లేదు. ఈ ఉత్తరం నీకు చేరి నువ్వు చదువుతావన్న ఊహకే చెవులు కాలిపోతున్నాయి.

నిన్న బ్యాంకుకి వెళ్ళి ఆ కార్డుని శాశ్వతంగా ఆపించేశాను. ఇక అంకెలు చెప్పినా పనిచెయ్యదు, బాకీ కట్టడం ఒక్కటే. ఆ పని మొదటి రోజే చెయ్యొచ్చని కౌంటర్లో ఆయన చెప్పాడు. నాకు తెలుసండీ అన్నాను.

ఇక ముందు ఎవరికీ అర్జీ పెట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు. నువ్వు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

తమ్ముడు


కుట్టు మిషను ముందు నుంచి,
సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

జవాబు రాయకుండా ఎక్కడికి పోతానురా.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మీ బావకి చదివి వినిపించాను. కోప్పడితే కోప్పడు, ఇక ఆయనతో అబద్ధమాడటం నావల్ల కాదు. ఆయన విని, చేతి వాచీ తిప్పుకుంటూ, "మరి ఇన్నాళ్ళు ఆ కుర్రాడు ఏం తింటున్నాడు" అన్నారు. నీకు నలభై దాటాయని గుర్తు చేశాను.

ఇప్పుడు నా వంతు. ఆ నాలుగు అంకెలు నాకెలా తెలుసో చెప్తాను. కార్డు గుండీల డబ్బాలో లేదు. వచ్చిన రోజే కత్తెర తీసుకుని రెండు ముక్కలు చేసేశాను. ఒక ముక్క పారేశాను. రెండో ముక్క మూల కోసుగా కత్తిరించి, చొక్కా కాలరు కుట్టి తిరగేశాక లోపలి నుంచి పొడిచి మూలలు బయటికి తియ్యడానికి వాడుకుంటున్నాను. కొట్లో అమ్మే పుల్లకన్నా బాగుంది. ఆ అంకెలు ఆ ముక్క మీదే ఉన్నాయి, రోజూ చూస్తున్నాను.

అంటే నువ్వు లేని కార్డుకి అర్జీ పెట్టుకున్నావు, నేను లేని కార్డుకి కాపలా కాశాను. అది మాత్రం ముక్కలైపోయి కూడా దీపం కొనుక్కొచ్చింది. కత్తిరిస్తే చచ్చిపోతుందనుకున్నాను. గుడ్డ మీద కత్తెర పడితే ఇక అంతే కదా. నిన్ను అడక్కుండా కత్తిరించి, భద్రంగా దాచానని రాయడం నా తప్పు. నీకు అబద్ధాలు ఎక్కడినుంచి అబ్బాయని ఎవరైనా అడిగితే, నా పేరు చెప్పు.

ఏం కొన్నావని నిన్ను రెండుసార్లు అడిగాను. నువ్వు రాయలేదు. మొన్న ఇల్లంతా తిరిగి నేనే చూసుకున్నాను. మీ బావ చేతి వాచీ. బట్టలుతికే మిషను. నేను ఇప్పుడు కూర్చున్న కరెంటు కుట్టు మిషను. పోయినేడాది నా పళ్ళు కట్టించిన డాక్టరు ఫీజు. ఎనిమిది జీతాల్లో ఎక్కువ భాగం మా ఇంట్లోనే ఉంది. పక్కింటావిడని పిలిచి మరీ చూపించాను, మా తమ్ముడు కొన్నాడని. నీ జీతమెంతో నాకు తెలుసు. ఒక్కసారైనా లెక్క వేసుకోలేదు. వేసుకుంటే తిరిగి ఇవ్వాల్సొస్తుందని భయం కాబోలు. నీకే సిగ్గనుకోకు, ఆ మిషను మీద కుడుతుంటే నాకూ మొహం చెల్లడం లేదు.

ఇంకా ఉంది. అమ్మ పోయాక పెద్దమ్మ ఇంట్లో ఆరేళ్ళున్నాం, గుర్తుందా? ఎవరొచ్చినా ఆవిడ ముందు చేతుల వంక చూసేది. ఏదైనా తెచ్చినవాళ్ళకి కుర్చీ వేసేది, తేనివాళ్ళతో గుమ్మంలోనే మాట్లాడి పంపేసేది. అది చూసి, నువ్వు బడి నుంచి రోజూ ఏదో ఒకటి తేవడం మొదలుపెట్టావు. సుద్ద ముక్క, దారప్పోగు, ఖాళీ సిరాబుడ్డి. తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేవాడివి. ఆవిడ అది పెరట్లోకి విసిరేసి కంచం పెట్టేది. నీ అంతట నువ్వే నేర్చుకున్నావని ఇన్నాళ్ళూ అనుకుంటున్నావు. కాదు. నేనే చెప్పాను. "వట్టి చేతులతో రాకు, మనల్ని పంపించేస్తుంది" అని గోడ పక్కకి తీసుకెళ్ళి చెప్పాను. నాకు పన్నెండేళ్ళు, నీకు ఏడు. నేను మర్చిపోయాను, నువ్వు మర్చిపోలేదు.

మీ బావేమో, వాచీ, మిషనూ అమ్మి ఆ డబ్బు నీకు పంపుదామన్నారు. నేను వద్దన్నాను. నీ అప్పు నువ్వే తీర్చుకో, తీర్చగలవు. దీపం మాత్రం కొట్టుకి తిప్పి పంపాను, డబ్బు నీ బాకీలో జమ చేస్తారట.

ఆఖరి మాట. సూది బెజ్జం దాక్కోవడం తమాషా కాదు. రెండు కళ్ళలోనూ పొర వచ్చింది. కుడి కంటికి వచ్చే నెల మొదటి గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆపరేషను. చిన్నదే అంటున్నారు. నాకు మాత్రం భయంగా ఉంది, బతుకు తెరువంతా ఆ కళ్ళ మీదే ఉంది. మీ బావకి భయపడ్డట్టు చెప్పలేను, ఆయన నాకన్నా ఎక్కువ భయపడతారు. నువ్వు రా. పండు తేవద్దు, పువ్వు తేవద్దు, మందులకని డబ్బు తేవద్దు. అప్పుడు తప్పు చెప్పాను, ఇప్పుడు సరిచేసి చెప్తున్నాను. వట్టి చేతులతో రా.

అక్క


లిఫ్టు మిషను గది నుంచి,
శుక్రవారం, టీ అయ్యాక

అక్కా,

నీ ఉత్తరం నాలుగు రోజులుగా జేబులో ఉంది. తీసి చదవడం, మళ్ళీ పెట్టెయ్యడం.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. రెండు నెలల క్రితం మీ వీధి దాకా వచ్చాను. ఆరు గంటలు బస్సులో కూర్చుని వచ్చి, మీ ఇంటి మలుపులో ఉన్న కొట్టు ముందు నిలబడ్డాను. మీ మిషను చప్పుడు వినపడింది. తిరుగు టిక్కెట్టుకి మాత్రమే డబ్బుంది. కొట్టువాడు ఏం కావాలండీ అన్నాడు, ఏమీ వద్దన్నాను. ఇంకో ఇరవై అడుగులు వేస్తే నీ గుమ్మం. వెయ్యలేక వెనక్కి వెళ్ళిపోయాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

నువ్వు చెప్పిన పెద్దమ్మ ముచ్చట నాకు గుర్తుంది. నువ్వు చెప్పావనీ గుర్తుంది. నీ తప్పని ఏనాడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ మాట వల్లే కదా మనకి ఆరేళ్ళు అన్నం దొరికింది.

మొన్న ఇక్కడ వాచ్‌మన్ కూతురి పెళ్ళికి చందా డబ్బా తిరిగింది. నా దగ్గరికి రాగానే లేచి పైకి వెళ్ళిపోబోయాను. వెళ్ళలేదు. "ఈసారి నావల్ల కాదు. కార్డు అప్పు తీరుస్తున్నాను, ఇంకా ఏడాది పడుతుంది" అన్నాను, అందరి ముందూ. ఎవరూ నవ్వలేదు, జాలి కూడా పడలేదు. డబ్బా పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇవాళ టీకి కిందే కూర్చున్నాను. వేరేవాళ్ళ డబ్బులతో టీ తాగాను.

వస్తానని మాట ఇవ్వలేను. నా మాటకి ఈ ఏడాది విలువ ఎంతుందో నీకు తెలుసు. బుధవారం పొద్దున్న బయల్దేరే బస్సు టైము మాత్రం కనుక్కున్నాను.

తమ్ముడు


మంచం మీద నుంచి,
ఆదివారం

ఒరేయ్ తమ్ముడూ,

అక్షరాలు పెద్దగా ఉన్నాయని నవ్వకు. ఒక కంటితో రాస్తున్నాను, రెండో కంటికి ఇంకా కట్టుంది. డాక్టరు కాగితం, కలం ముట్టుకోవద్దన్నాడు. మీ బావ నిద్రపోతున్నప్పుడు రాస్తున్నాను.

నువ్వొచ్చిన బుధవారం తలుపు మీ బావ తీశారు. నేను మిషను దగ్గర నుంచే చూశాను. నీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నీకు తెలియలేదు. ముందు జేబుల్లో పెట్టావు, తర్వాత తీసి వెనక్కి కట్టుకున్నావు. గుమ్మంలో అలా ఎంతసేపు నిలబడేవాడివో. మీ బావ భుజం పట్టి లోపలికి లాగి, "చెప్పులు అక్కడ విడిచి, వెళ్ళి కాళ్ళు కడుక్కో" అన్నారు. నీ ఉత్తరాల గురించి నాలుగు రోజుల్లో ఒక్క మాట అనలేదు చూశావా. నేనేం చెప్పిపెట్టలేదు. ఆయన స్వభావమే అంత.

ఆపరేషను గది బయట నువ్వు కూర్చున్నావని లోపల నాకు తెలుసు. వాళ్ళు కంట్లో చుక్కలు వేస్తుంటే, బయట వాడున్నాడు అనుకుంటూ పడుకున్నాను. భయం పోలేదు గానీ ఓర్చుకోగలిగాను. ఆ తర్వాత నువ్వు గిన్నెలు తోమడం, మీ బావకి చొక్కా గుండీ ఊడితే అడ్డదిడ్డంగా కుట్టడం, అన్నీ వింటూనే ఉన్నాను. ఆ గుండీ మళ్ళీ విప్పి కుట్టాలి.

నువ్వు నిన్న పొద్దున్న బస్సెక్కావు. నువ్వెళ్ళాక గంటకి లేచాను. దిండు కింద చూశాను. మిషను సొరుగు లాగి చూశాను. మందుల సంచీ, బియ్యం డబ్బా, మీ బావ కోటు జేబులు, అన్నీ ఒక్కొక్కటే తడిమి చూశాను. డబ్బు నోటో, కొత్త కళ్ళజోడో, ఏదో ఒకటి ఎక్కడో పెట్టే వెళ్ళుంటాడు, వాడు అలా ఊరుకునే రకం కాదు అనుకున్నాను. మీ బావ వచ్చి, "ఆ కంటితో ఏం వెతుకుతున్నావు" అన్నారు. "ఏమీ లేదేమో చూస్తున్నాను" అన్నాను.

ఏమీ లేదురా. ఇల్లంతా వెతికాను, ఎక్కడా ఏమీ లేదు.

మంచం మీద కూర్చుని ఏడ్చాను. పది రోజుల దాకా కన్ను తడవకూడదని డాక్టరు చెప్పాడు. తడిసింది. పొద్దున్న కట్టు మార్చినప్పుడు చూసి, ఏం ఫర్వాలేదన్నాడు.

అక్క